ఏ సిస్టం మీద నడిపినా టెస్టు ఒకే మాట చెప్పాలి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి పాఠకుల ఉత్తరాలు వేస్తుంటారు కాబట్టి ఈ సంగతి మీకే రాద్దామనిపించింది. పైకి కంప్యూటర్ల విషయంలా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది మార్కుల విషయం, పిల్లల నిద్ర విషయం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా అక్క వాళ్లది దేవరకొండ దగ్గర ఊరు. వాళ్లబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. మొన్న ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, "మామా, ల్యాబ్ అసైన్‌మెంట్‌లో పద్నాలుగు టెస్టులకు అయిదే పాసైనయ్, నేను మొదలు రాసిందే కరెక్టని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఒక్కసారి చూస్తవా" అన్నాడు. వాడు మామూలుగా మార్కుల గురించి ఫోన్ చేసే పిల్లగాడు కాదు. ఫైళ్లన్నీ పంపమన్నాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 11 ఏళ్లుగా ఉన్నాను, ఇప్పుడు నల్లగొండలో ఇంటి నుంచే పని చేస్తున్నాను, షెల్ స్క్రిప్టులతో (షెల్ అంటే మనం టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం, స్క్రిప్టు అంటే ఆ కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) టెస్టులు రాయడం, వాటిని రకరకాల సిస్టంల మీద నడిపించడమే నా రోజువారీ పని.

అసైన్‌మెంట్ చిన్నదే. రైతుల పేర్లు, ఊర్లు, వడ్ల బస్తాల లెక్క ఉన్న ఫైలు చదివి ఊరివారీగా మొత్తం తీసే ప్రోగ్రాం, సీ భాషలో రాయాలి. దాంతోపాటు పిల్లలకు ఒక టెస్టు స్క్రిప్టు, పద్నాలుగు ఆన్సర్ ఫైళ్లు ఇచ్చారు. స్క్రిప్టు నడిపితే మన ప్రోగ్రాం ఇచ్చిన జవాబును ఆన్సర్ ఫైలుతో పోల్చి పాసా ఫెయిలా చెప్తుంది. అన్నీ పాసైతే సబ్మిట్ చేయమన్నారు. మావాడిది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, విండోస్ వేస్తే లేవడానికే పది నిమిషాలు పడుతుందని ఉబుంటు (విండోస్ బదులు ఉచితంగా దొరికే ఒక రకం లైనక్స్) వేసుకున్నాడు. దాని మీద స్క్రిప్టు నడిపితే పద్నాలుగుకు పద్నాలుగు ఫెయిల్. తోటి పిల్లల విండోస్ లాప్‌టాప్‌లలో మాత్రం పాసవుతున్నాయి. అప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు, నా ప్రోగ్రామే తప్పనుకుంటారు కదా. వీడూ అట్లనే అనుకుని రెండు రాత్రులు కూర్చుని, ప్రింట్ చేసేచోట ఒక స్పేస్ పెట్టి, ఒక లైను తీసి, లెక్కలు అటు మార్చి ఇటు మార్చి, చివరికి మంచిగున్న ప్రోగ్రాంను చెడగొట్టి అదే సబ్మిట్ చేశాడు. అక్కడ సార్ తన విండోస్ లాప్‌టాప్ మీద నడిపితే అయిదు పాసయ్యాయి. వాడి మొదటి ప్రోగ్రాం అడిగి తెప్పించుకుని నేను అదే స్క్రిప్టును నా విండోస్ మిషన్ మీద నడిపాను. పద్నాలుగుకు పద్నాలుగు పాస్.

కాలేజీ పేరు నేను రాయను. ఆ సార్ మీద నాకు కోపం కూడా లేదు, ఆయన పిల్లల కోసం కష్టపడి టెస్టులు తయారుచేశాడు, అసలు చేయని వాళ్లే ఎక్కువ. కానీ తప్పు ఎక్కడుందో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇదే తప్పు ఏ కాలేజీలోనైనా జరగొచ్చు.

మొదటిది. స్క్రిప్టును "ఎస్‌హెచ్" అనే కమాండుతో నడపమని కాగితం మీద రాశారు. విండోస్‌లో ఇలాంటి స్క్రిప్టులు నడపడానికి గిట్ బాష్ అనే ప్రోగ్రాం వేసుకుంటే అందులో ఎస్‌హెచ్ అన్నా లోపల నడిచేది బాష్ షెల్లే. ఉబుంటులో అట్లా కాదు, 2006లో వచ్చిన 6.10 నుంచి ఎస్‌హెచ్ అంటే డాష్ అనే వేరే చిన్న షెల్, తేలికగా ఉంటుంది, సిస్టం తొందరగా లేస్తుందని మార్చారు. ఉబుంటుకు మూలమైన డెబియన్ లైనక్స్ కూడా 2011 రిలీజ్ నుంచి అదే దారి పట్టింది. స్క్రిప్టులో రెండు జవాబులను పోల్చేచోట సమానం గుర్తు రెండుసార్లు పెట్టారు. బాష్ దాన్ని ఒప్పుకుంటుంది. డాష్ ఒప్పుకోదు, "అనెక్స్‌పెక్టెడ్ ఆపరేటర్" అని ఒక ముక్క తెర మీద పడేసి ముందుకు పోతుంది, స్క్రిప్టు దాన్ని ఫెయిల్ కింద లెక్కేసుకుంటుంది. ఒకే ఒక్క సమానం గుర్తు పెడితే అన్ని షెల్లులకూ అర్థమవుతుంది. నేను ఒక గుర్తు తీసేశాను. అయినా అన్నీ ఫెయిలే.

రెండోది కంటికి కనపడని తప్పు. ప్రోగ్రాం ఇచ్చిన జవాబు, ఆన్సర్ ఫైలు పక్కపక్కన పెట్టి చూశాను, అక్షరం తేడా లేదు. అప్పుడు "ఓడీ మైనస్ సీ" కమాండు కొట్టాను. అది ఫైలులో ఉన్న ఒక్కో గుర్తునూ విడదీసి చూపిస్తుంది. మావాడి జవాబులో ప్రతి లైను చివర బ్యాక్‌స్లాష్ ఎన్ (కొత్త లైను గుర్తు) ఒక్కటే ఉంది. ఆన్సర్ ఫైలులో బ్యాక్‌స్లాష్ ఆర్ (లైను మొదటికి రమ్మనే గుర్తు), బ్యాక్‌స్లాష్ ఎన్ రెండూ ఉన్నాయి. వెనకటికి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయినవాళ్లకు ఇది చెప్తే వెంటనే తెలుస్తుంది. లైను అయిపోయాక లీవర్ పట్టుకుని లాగితే కాగితం ఒక లైను పైకి జరుగుతుంది, క్యారేజ్ మళ్లీ మొదటికి వస్తుంది, అంటే రెండు పనులు. విండోస్ ఇప్పటికీ ఆ రెండు పనులకూ రెండు గుర్తులు రాస్తుంది, లైనక్స్, మ్యాక్ ఒక్కటే రాస్తాయి. ఆ సార్ విండోస్‌లో తన ప్రోగ్రాం నడిపి ఆన్సర్ ఫైళ్లు తీశాడు, కాబట్టి వాటిలో ఆ అదనపు గుర్తు పడింది. విండోస్‌లో నడిపినవాళ్లకు రెండు పక్కలా అదే కాబట్టి సరిపోయింది. ఉబుంటు పిల్లగాడికి సరిపోలేదు. ఆ కనపడని గుర్తు కోసం వాడు రెండు రాత్రులు తన లెక్కల్లో తప్పు వెతుక్కున్నాడు.

"టీఆర్" కమాండుతో ఆ గుర్తు తీసేస్తే పదమూడు పాసయ్యాయి. మిగిలిన ఒక్కటి ఏడో టెస్టు. స్క్రిప్టులో ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలైంది, ఫోల్డర్‌లో అదే పేరు చిన్న అక్షరంతో ఉంది. విండోస్ పెద్దా చిన్నా చూడదు, మ్యాక్ కూడా మామూలు సెట్టింగులో చూడదు, లైనక్స్ చూస్తుంది. పేరు సరిచేశాను. ఉబుంటులోనూ పద్నాలుగుకు పద్నాలుగు పాస్. నాకు పట్టింది నలభై నిమిషాలు.

ఈ షెల్లు ఇన్ని రకాలు ఎందుకయ్యాయని చాలామంది అడుగుతారు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యునిక్స్ అనే పాత సిస్టం ఏడో వెర్షన్‌తో వచ్చింది, దాన్ని చూసి తలా ఒకటి రాసుకున్నారు, 1989లో గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ల కోసం బ్రయాన్ ఫాక్స్ బాష్ రాశాడు. అందరూ కనీసం ఇంతవరకైనా ఒకేలా ఉండాలని 1992లో పోసిక్స్ పేరుతో షెల్‌కూ కమాండ్లకూ ఒక ప్రమాణం పెట్టారు. ఆ గీత లోపల రాసుకుంటే దాదాపు ఎక్కడైనా నడుస్తుంది, గీత దాటితే మన మిషన్ మీద బంగారంలా నడిచి పక్కవాడి మిషన్ మీద పడిపోతుంది. మా చిన్నప్పుడు ఊర్లలో వడ్లు కొలిచే మానికలు ఇట్లనే ఉండేవి, పేరు ఒకటే, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. నీ మానికతో కొలిచి పది అంటే నాకు తొమ్మిదే కావచ్చు, అందుకే కొలిచే ముందు ఎవరి మానిక అని అడిగేవాళ్లు.

మ్యాక్ సంగతి ఇంకో కథ. బాష్ 4.0 వెర్షన్ 2009లో వచ్చింది, కానీ లైసెన్సు (వాడుకునే షరతులు) జీపీఎల్ మూడుకు మారడంతో ఆపిల్ పాత 3.2 దగ్గరే ఆగిపోయింది, 2019 నుంచి మామూలు షెల్‌గా జెడ్‌షెల్ ఇస్తోంది. విలువలను పేర్లతో గుర్తుపట్టే జాబితాలు (అసోసియేటివ్ అర్రేలు) నాలుగో వెర్షన్‌లోనే వచ్చాయి కాబట్టి అవి వాడిన స్క్రిప్టు మ్యాక్‌తో వచ్చే బాష్‌లో నడవదు. కమాండ్లలో కూడా తేడాలు. లైనక్స్‌లో "సెడ్ మైనస్ ఐ" అంటే ఫైలులోనే మార్చేయమని. మ్యాక్‌లో ఆ మైనస్ ఐ తర్వాత వచ్చే మాటను పాత కాపీకి పెట్టాల్సిన తోక అనుకుంటుంది. నేను పని చేసిన ఒక ప్రాజెక్టులో నెల రోజులపాటు ఒక ఫోల్డర్‌లో పేరు చివర "మైనస్ ఈ" తగిలించుకున్న ఫైళ్లు పుట్టుకొస్తుంటే ఎవరు చేస్తున్నారో తెలియక ఒకరినొకరు అనుకున్నాం. చూస్తే సెడ్‌కు మైనస్ ఐ, మైనస్ ఈ అని వరుసగా రాసిన మా స్క్రిప్టే, మ్యాక్ మీద ఆ మైనస్ ఈని తోకగా పెట్టేస్తోంది. లైన్లు లెక్కబెట్టే "డబ్ల్యూసీ" మ్యాక్‌లో అంకె ముందు ఖాళీలు పెడుతుంది, ఆ ఖాళీలతో సహా 14ను 14తో పోలిస్తే కాదంటుంది. తేదీలు తీసే "డేట్" కమాండుకు నిన్నటి తేదీ అడగాలంటే లైనక్స్‌లో ఒక రకం, మ్యాక్‌లో ఇంకో రకం. "ఎకో"తో బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తే డాష్ దాన్ని కొత్త లైనుగా మారుస్తుంది, బాష్ ఉన్నదున్నట్టు అచ్చేస్తుంది. అందుకే టెస్టుల్లో ఎకో బదులు "ప్రింట్ఎఫ్" రాయండని నేను జూనియర్లకు మొదటి రోజే చెప్తాను.

దీన్ని బాగా చేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల పని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ప్రోగ్రాంలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. 2005లో మొదలైంది, ఇప్పుడు ప్రోగ్రాం రాసేవాళ్లలో చాలామంది దగ్గర ఉంటుంది, దాని టెస్టులు వందల కొద్దీ షెల్ స్క్రిప్టులే, అవి లైనక్స్, మ్యాక్, విండోస్ అన్నింటి మీదా నడుస్తాయి. ప్రతి టెస్టుకు ముందు భాషనూ టైమ్‌జోన్‌నూ ఒకే దగ్గర కట్టేస్తారు, లేకపోతే "సార్ట్" కమాండు ఒక మిషన్‌లో పెద్ద అక్షరాలన్నీ ముందు పెడుతుంది, ఇంకో మిషన్‌లో కలిపేస్తుంది. కొన్నిచోట్ల మాత్రమే పనిచేసే వాడుకలు స్క్రిప్టుల్లోకి రాకుండా పట్టుకోవడానికి విడిగా ఒక ప్రోగ్రాం పెట్టుకున్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, ఒక సిస్టం మీద ఏదైనా సదుపాయం లేకపోతే ఆ టెస్టును ఫెయిల్ అనరు, ఇక్కడ ఇది లేదు కాబట్టి స్కిప్ చేశామని కారణంతో సహా రాస్తారు. పాస్, ఫెయిల్ రెండే జవాబులు ఉంటే మిషన్ తప్పు కూడా పిల్లల నెత్తిన పడుతుంది. మూడో జవాబు ఉండాలి.

ఇంకో మాట కూడా వాళ్లను చూసే నేర్చుకోవచ్చు. ఇది మ్యాకా, ఇది విండోసా అని పేరు అడగకూడదు, నాకు కావాల్సింది ఇక్కడ ఉందా లేదా అని పరీక్ష చేసి చూసుకోవాలి. గిట్ టెస్టులు ఒక ఉత్తుత్తి ఫైలును తయారుచేసి, అదే పేరును అన్నీ చిన్న అక్షరాలతో పెట్టి ఇంకో ఫైలు రాసి, మొదటిదాంట్లో ఉన్నది చెరిగిపోయిందా చూసి, ఈ డిస్కు పెద్దా చిన్నా అక్షరాల తేడా చూస్తుందా లేదా తేల్చుకుంటాయి. మన జిల్లావాళ్లకు ఇది కొత్త ఆలోచనేం కాదు. ఫ్లోరైడ్ నీళ్లను శుభ్రం చేయడానికి నాగ్‌పూర్‌లోని నీరీ పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసిన పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టడం. అందులో పటిక ఎంత వేయాలనేది ఊరి పేరు చూసి వేయరు, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారగుణం ఎంత ఉంది అని కొలిచి దాన్ని బట్టి వేస్తారు. ఒక బోరుకు సరిపోయిన మోతాదు పక్క బోరుకు సరిపోదు. స్క్రిప్టులు రాసేటప్పుడు కూడా ముందు నీళ్లు చూడాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, అందరూ డాకర్ (ఏ మిషన్ మీదైనా లోపల ఒకే రకం సిస్టం నడిపే టూల్) వేసుకోండి, లేదా పైథాన్ భాషలో రాయండి అని కొందరు అంటారు. పెద్ద కంపెనీలో అది మంచి సలహానే, నేనూ వాడతాను. కానీ 4 జీబీ లాప్‌టాప్ ఉన్న పిల్లగాడికి విండోస్ మీద డాకర్ వేసుకో అంటే ఆ రోజుకు వాడి చదువు ఆగినట్టే. పైథాన్ ఒక మిషన్‌లో పైథాన్ అంటే పలుకుతుంది, ఇంకోదాంట్లో పైథాన్ 3 అంటేనే పలుకుతుంది, కొన్నిటిలో ఉండనే ఉండదు. షెల్ మాత్రం లైనక్స్‌లో, మ్యాక్‌లో వేయకుండానే ఉంటుంది, విండోస్‌లో గిట్‌తో పాటు వస్తుంది. ఒక ప్రోగ్రాం నడిపి దాని జవాబు చూడాలంటే అంతకంటే సూటి దారి లేదు. దారి మంచిదే, గుంతలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

ఆ గుంతలు తెలుసుకోవడానికి డబ్బు కూడా పెట్టక్కర్లేదు. షెల్‌చెక్ అని ఉచిత టూల్ ఉంది, స్క్రిప్టు ఇస్తే ఫలానా లైనులో ఫలానా వాడుక ఎస్‌హెచ్‌లో నడవదని చెప్తుంది. డెబియన్ వాళ్ల చెక్‌బాషిజమ్స్ కూడా అదే పని చేస్తుంది. మావాడి స్క్రిప్టును షెల్‌చెక్‌కు ఇచ్చి చూశాను, ఆ రెండు సమానం గుర్తుల మీద వెంటనే వేలు పెట్టింది. గిట్‌లో పెట్టే ప్రాజెక్టు అయితే "గిట్ యాట్రిబ్యూట్స్" ఫైలులో ఒక్క లైను రాస్తే, స్క్రిప్టులూ ఆన్సర్ ఫైళ్లూ ఏ మిషన్ మీదికి దించుకున్నా లైను చివర ఒక్క గుర్తుతోనే వస్తాయి. ఇవి పిల్లలకు చెప్పడానికి ఒక ల్యాబ్ పీరియడ్ చాలు. నాకు తెలిసినంతలో మన దగ్గర ఆ ఒక్క పీరియడ్ ఎవరూ చెప్పడం లేదు. నేను కూడా ఉద్యోగంలో చేరాక, ఒక రిలీజ్ ముందు రాత్రి బాగా టెన్షన్ పడి నేర్చుకున్నదే.

నా బాధ ఏమిటంటే, దీనివల్ల నష్టపోయేది ఎప్పుడూ ఒకే రకం పిల్లలు. కొత్త లాప్‌టాప్ ఉన్నవాళ్ల దగ్గర సార్ దగ్గరున్న విండోసే ఉంటుంది, వాళ్లకు తేడా తెలియదు. అచ్చంపేట నుంచో, దేవరకొండ నుంచో, నారాయణపేట నుంచో వచ్చి, అన్నయ్య వాడి పడేసిన లాప్‌టాప్‌కు ఉబుంటు వేసుకుని నేర్చుకునే పిల్లగాడు మాత్రం ఫెయిల్ అన్న మాట చూసి నాకే రాదనుకుంటాడు. నిజానికి ఉబుంటు వేసుకుని దాని మీద పని నేర్చుకున్నవాడే రేపు సర్వర్ల మీద పనికి ముందు పనికొస్తాడు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఐటీ టవర్లు కట్టారు, రెండు జిల్లాల్లోనూ యూనివర్సిటీలున్నాయి, ఇక్కడి పిల్లలకు ఇక్కడే పని దొరకాలని అందరం కోరుకుంటున్నాం. ఆ పని మొదలయ్యేది ఇలాంటి ల్యాబుల్లోనే కదా.

మావాడు పోయి సార్‌కు అంతా చూపించాడు. ఆయన విన్నాడు, ల్యాబ్‌లో ఉబుంటు ఉన్న ఒక సిస్టం మీద అక్కడికక్కడే నడిపి చూసి, "ఇది నాకు తెలియదు బాబూ" అన్నాడట, స్క్రిప్టు మార్చాడు కూడా. కానీ ఇంటర్నల్ మార్కులు అప్పటికే పైకి పంపేశారు, మార్చడం కుదరదన్నారు. అయిదు అయిదుగానే ఉంది.

కాలేజీల వాళ్లకు నేను అడిగేది ఇంతే. మార్కులు వేసే ఏ టెస్టునైనా పిల్లలకు ఇచ్చే ముందు కనీసం రెండు రకాల సిస్టంల మీద, వీలైతే డాష్‌తో ఒకసారి, నడిపి చూడండి. ఏ షెల్ కావాలో కాగితం మీద రాయండి. ఫెయిల్ అని ఊరుకోకుండా ఏ లైనులో ఏం తేడా వచ్చిందో, కనపడని గుర్తులతో సహా, చూపించేలా రాయండి, అది కనిపించి ఉంటే మావాడు ఆ రెండు రాత్రులు పడుకునేవాడు. టెస్టే తప్పని తేలినప్పుడు మార్కులు మళ్లీ చూసే వీలు పెట్టండి. మీ పేపర్ చదువుల పేజీలో వారానికి ఒక్క కాలమ్ ఇలాంటి పని విషయాలకు తెలుగులో ఇస్తే, నాలాంటి వాళ్లం జిల్లాలో చాలామందే ఉన్నాం, డబ్బులు అడగకుండా రాస్తాం.

నా దగ్గర ఉబుంటు, మ్యాక్, విండోస్ మూడు మిషన్లూ ఉన్నాయి. రెండు జిల్లాల్లో ఏ లెక్చరర్ గారైనా ల్యాబ్ టెస్టులు మీ ఆఫీసుకు పంపి నాకు చేర్చమంటే, ఆదివారం మూడింటి మీదా నడిపి, ఎక్కడ ఏం పడిపోయిందో రాసి సోమవారం పొద్దున్నకల్లా తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్,
నల్లగొండ